పౌరసంబంధాలు – సామాజిక మాధ్యమాలు: చాటింపు నుండి సెల్‌ఫోను దాకా

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా గరిడేపల్లిలో జరిగిన మండల విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు ముఖ్యమైన రోజు. 1982లో ఇదే తేదీన డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పెన్షను ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదని, చేసిన సేవకు దక్కే హక్కని ఆ తీర్పు చెప్పింది. దానిని గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు విపులంగా చెప్పారు. కార్యవర్గం వారు నాకు అప్పగించిన అంశం వేరు. పౌరసంబంధాలకు సామాజిక మాధ్యమాలను ఎట్లా వాడుకోవాలి అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. సమాచార, పౌరసంబంధాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక నాకు ఈ పని పెట్టి ఉంటారు. ఫోనుల సంగతి నాకన్నా మన మనుమలకు, మనుమరాళ్ళకు ఎక్కువ తెలుసు. పౌరసంబంధాల సంగతి మాత్రం కొంత నాకు తెలుసు. ఆ వైపు నుండి మాట్లాడతాను.

పౌరసంబంధాలు అనగానే చాలామందికి ప్రచారం గుర్తుకు వస్తుంది. ఊళ్ళో చాటింపు వేయించడం, గోడలకు పోస్టర్లు అంటించడం, జాతరలో కరపత్రాలు పంచడం, ప్రచార వ్యానులో 16 ఎం.ఎం. ప్రొజెక్టరు పెట్టుకుపోయి రాత్రిపూట తెర కట్టి సినిమా వేయడం, బుర్రకథ దళాన్ని తీసుకుపోవడం - ఇవన్నీ మా శాఖ చేసిన పనులే. కాని ఇవి సగం మాత్రమే. మిగతా సగం జనానికి కనిపించేది కాదు. ప్రతి ఉదయం పత్రికలన్నీ చదివి, జిల్లాకు సంబంధించిన వార్తలు కత్తిరించి, తెల్ల కాగితం మీద అంటించి, పత్రిక పేరు, తేదీ వేసి కలెక్టరు గారికి పంపేవాళ్ళం. ఫలానా ఊళ్ళో బోరింగు చెడిపోయిందని వార్త వస్తే ఆ క్లిప్పింగు సంబంధిత శాఖకు పోయేది. వారు నివేదిక ఇవ్వాలి. వార్త నిజమైతే బాగు చేయించి ఆ సంగతి పత్రికకు తెలపాలి. అబద్ధమైతే ఖండన పంపాలి. అంటే మొదటి సగం చెప్పడం, రెండవ సగం విని జవాబు ఇవ్వడం. ఈ రెండూ కలిస్తేనే పౌరసంబంధం అవుతుంది. మొదటిది ఒక్కటే ఉంటే అది ఒట్టి చాటింపు.

ఈ ఒక్క మాటే ఈరోజు నేను చెప్పదలచుకున్నది. ఫేస్‌బుక్ 2004లో, ట్విట్టర్ 2006లో, వాట్సప్ 2009లో వచ్చాయి. 2023లో ట్విట్టర్ పేరు ఎక్స్ అయింది. పేర్లు మారినా, రేపు మరొకటి వచ్చినా సూత్రం మాత్రం ఇదే. చెప్పేవాడు ఎంత త్వరగా చెబుతున్నాడన్నది కాక, అడిగినవాడికి జవాబు దొరుకుతున్నదా అన్నది చూడాలి.

అయితే కొత్త మాధ్యమాల వలన మూడు తేడాలు వచ్చాయని గమనించాలి. ఒకటి, వేగం. మా రోజుల్లో ఒక పుకారు గడ్డిపల్లి నుండి పొనుగోడు చేరాలంటే ఎవరైనా సైకిలు ఎక్కాలి. ఇప్పుడు క్షణం చాలు. రెండు, ఫిర్యాదు అందరి ముందూ వస్తుంది. వెనుక అర్జీ ఫైలులో ఉండేది, అధికారికి, గుమస్తాకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ప్రశ్నతో పాటు జవాబు లేకపోవడం కూడా పదిమందికీ కనిపిస్తుంది. మూడు, అన్నింటికన్నా ప్రమాదమైనది, వచ్చిన సందేశానికి సంతకం ఉండదు, తేదీ ఉండదు. మూడేళ్ళ కిందటి జి.ఓ. ఈ ఉదయమే వచ్చినట్లు తిరుగుతుంది. సాగర్ ఎడమ కాలువకు రేపటి నుండి నీళ్ళు వదులుతున్నారని ఎప్పటిదో వార్త ఒకటి తిరిగిందనుకోండి, నారుమడి పోసుకున్న రైతు ఏమవుతాడో మన ఆయకట్టు ప్రాంతం వారికి వేరే చెప్పనవసరం లేదు.

ఇక మన రాష్ట్రంలోనే జరిగిన రెండు మూడు సంగతులు చెబుతాను.

మొదటిది 2018 నాటిది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సప్‌లో భయంకరమైన వీడియోలు దేశమంతా వ్యాపించాయి. వాటిని నమ్మి జనం కొత్తగా కనిపించిన వారిని పట్టుకుని కొట్టారు. ఆ సంవత్సరం జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడ గ్రామంలో ఐదుగురు పేద సంచార జాతివారు ఈ అనుమానంతోనే హతులయ్యారు. దేశం మొత్తం మీద ఇరవై మందికి పైగా చనిపోయారు. మన రాష్ట్రంలోనూ ప్రాణాలు పోయాయి.

ఆ సమయంలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి గారు ఉన్నారు. తరువాత మన నల్గొండకు కూడా ఎస్పీగా వచ్చారు. ఆమె అప్పటికే ఒక్కో పోలీసుకు కొన్ని గ్రామాలు అప్పగించి, తరచుగా ఆ ఊళ్ళకు పోయి జనంతో మాట్లాడి రావాలని నియమం పెట్టారు. ఆ విధంగా పోయిన పోలీసులు ఒక విషయం గమనించారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం చీకటి పడగానే ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకుంటున్నారు. కారణం అడిగితే ఫోనులోని వీడియోలు చూపించారు. అప్పుడు ఎస్పీ గారు ఏమి చేశారు? పోలీసులను ఇంటింటికీ పంపారు. డప్పు కొట్టించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. సర్పంచులను కలుపుకున్నారు. అనుమానం వస్తే తమకు ఫోను చేయమని నంబర్లు ఇచ్చారు. ఊరి వాట్సప్ గ్రూపులలో పోలీసులు కూడా చేరి, తప్పుడు సందేశం రాగానే అక్కడే అబద్ధమని చెప్పారు. సుమారు 400 గ్రామాలలో ఈ పని జరిగింది. ఆ గ్రామాలలో ఈ పుకారు వలన ఒక్క ప్రాణం కూడా పోలేదు.

సోదరులారా, సెల్‌ఫోనులో వచ్చిన పుకారుకు విరుగుడుగా పాతకాలపు డప్పు కూడా పనిచేసింది. ఎందుకు పనిచేసింది? డప్పు వెనుక ముఖం తెలిసిన మనిషి ఉన్నాడు, అడిగితే జవాబు చెప్పాడు. ఫోనును, డప్పును, ఇంటికి పోయి పలకరించడాన్ని మూడింటినీ కలిపి వాడారు. సామాజిక మాధ్యమాలను సమర్థవంతంగా వాడడమంటే ఇదే. ఆ తరువాతే వాట్సప్ కంపెనీ కూడా 2018 జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. బాగా తిరిగిన సందేశాలను 2020 ఏప్రిల్ నుండి ఒకసారికి ఒక్క చోటికే పంపేటట్లు చేసింది. సందేశం మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చినదని అర్థం. ఆ గుర్తు చూడగానే కొంచెం ఆగాలి.

రెండవ సంగతి ఆర్టీసీది. కోదాడ పోవాలన్నా, మిర్యాలగూడ ఆసుపత్రికి పోవాలన్నా, సూర్యాపేటలో కలెక్టరేటుకు పోవాలన్నా మనలో చాలామందికి బస్సే గతి. 2021 సెప్టెంబరులో వి.సి. సజ్జనార్ గారు సంస్థ ఎం.డి.గా వచ్చారు. కొద్ది రోజులకే మామూలు ప్రయాణికుడిలా సిటీ బస్సు ఎక్కి తిరిగి పరిస్థితి చూశారు. ట్విట్టర్‌లో ప్రయాణికులు రాసే ఫిర్యాదులకు జవాబులు ఇచ్చేవారు. 2022 జనవరిలో ఒక యువతి, రాత్రి బస్సులను పెట్రోలు బంకుల వద్ద కొద్దిసేపు ఆపితే ఆడవారికి మరుగుదొడ్డి సౌకర్యం దొరుకుతుందని అర్ధరాత్రి వేళ రాస్తే, ఆయన వెంటనే స్పందించి అధికారులకు ఆదేశించినట్లు తెలిపారు. ఇది ఎందరో తల్లులు ఏళ్ళ తరబడి పడిన బాధ. ఫిర్యాదు పుస్తకంలో రాయడానికి సంకోచించే విషయం. అది చేరవలసిన చోటికి చేరడానికి ఈ మాధ్యమం తోడ్పడింది.

కాని దీని పక్కన మరొక సంగతి పెట్టి చూడండి. 2021లోనే రంగారెడ్డి జిల్లా మంచాల మండలం చీదేడు గ్రామానికి చెందిన ఎనిమిదవ తరగతి బాలిక ఒకరు, కరోనా సమయంలో ఆగిపోయిన తమ ఊరి బస్సు కోసం అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారికి ఉత్తరం రాసింది. ఆయన ఆ సంగతి ఆర్టీసీ ఎం.డి.గారి దృష్టికి తెచ్చారు. బస్సు మళ్ళీ వచ్చింది. ఇక్కడ వాడింది ట్విట్టర్ కాదు, ఉత్తరం. రెండు చోట్లా పని జరగడానికి కారణం, అవతలి వైపు చదివి స్పందించే మనిషి ఉండడమే. ఆ మనిషి లేనప్పుడు ఎంత గొప్ప పేజీ తెరిచినా ఫలితం లేదు. ఒక కార్యాలయం వారి ఫేస్‌బుక్ పేజీ చూశాను, పేరు చెప్పను. సన్మానాల ఫొటోలు, ప్రారంభోత్సవాల ఫొటోలు నిండుగా ఉన్నాయి. ఒక ఫొటో కింద ఒకాయన తన తల్లి దరఖాస్తు ఏమయిందని అడిగాడు. ఎనిమిది నెలలైనా జవాబు లేదు. కింద మరో పదిమంది "మాదీ అంతే" అని రాశారు. పేజీ లేకపోతే ఆ సంస్థకు అంత అప్రతిష్ఠ వచ్చేది కాదు.

మూడవ సంగతి మన సొంతం. 2020 మార్చి నెలాఖరులో కరోనా లాక్‌డౌన్ సమయంలో మన రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల జీతాలలో, పెన్షనర్ల పెన్షనులో కొంత భాగం వాయిదా వేసింది. మనలో చాలామందికి ఆ నెల సగం పెన్షనే వచ్చింది. అది నిజమైన వార్త. సరిగ్గా ఆ రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు 20 శాతం కోత పెడుతున్నారని మరొక వార్త ఫోనులలో తిరిగింది. అది అబద్ధం. కేంద్ర ఆర్థిక శాఖ ఏప్రిల్ 19న ట్విట్టర్‌లోనే అది తప్పుడు వార్త అని, పెన్షనులో కోత ఉండదని ప్రకటించింది. ఒకే ఫోనులో, ఒకే నెలలో, ఒకే విధంగా కనిపించే రెండు సందేశాలలో ఒకటి నిజం, ఒకటి అబద్ధం. బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు కొనుక్కోవలసిన మనిషికి ఆ తేడా ఎవరు చెప్పాలి? నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. కాని మన వయసులో నిలకడగా ఉండడానికి అంత వ్యవధి లేదు. ఆ పని సంఘం చేయాలి. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి వాయిదా మీద కోర్టుకు పోతే, ఆలస్యమైన సొమ్మును 6 శాతం వడ్డీతో చెల్లించాలని 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇటువంటి వార్త తేదీతో, వివరంతో సభ్యుడికి చేరితే ధైర్యం వస్తుంది. వివరం లేకుండా "వడ్డీ వస్తున్నది" అని మాత్రమే చేరితే మరొక పుకారు పుడుతుంది.

ఇప్పుడు మన వాట్సప్ గ్రూపు సంగతికి వస్తాను. ఎవరూ నొచ్చుకోవద్దని మనవి. ఉదయం లేవగానే శుభోదయాలు, పూల బొమ్మలు, దేవుళ్ళ బొమ్మలు వస్తాయి. ఆప్యాయతతోనే పంపుతున్నాం, కాదనను. కాని వాటి కింద లైఫ్ సర్టిఫికెట్ గడువు సందేశం పూడిపోతున్నది. మన మండలంలోనే కుటుంబ పెన్షను తీసుకునే ఒక చెల్లెమ్మకు సర్టిఫికెట్ ఇవ్వనందుకు పెన్షను ఆగింది. గడువు సంగతి గ్రూపులో వచ్చింది. ఆమెకు ఉన్నది మీటలు నొక్కే చిన్న ఫోను. తరువాత సర్టిఫికెట్ ఇస్తే బకాయిలతో సహా వచ్చాయి కాని, మధ్యలో ఆమె కిరాణా కొట్టులో అప్పు పెట్టవలసి వచ్చింది. సందేశం పంపాం కనుక మన బాధ్యత తీరిందని అనుకుందామా? ఆమెకు చేరలేదు కనుక మనం చెప్పనట్లే లెక్క.

అందుచేత కార్యవర్గం వారికి, సభ్యులకు కొన్ని సూచనలు చేస్తున్నాను.

1. రెండు గ్రూపులు పెట్టుకుందాం. ఒకటి ప్రకటనల కోసం. దానిలో నిర్వాహకులు మాత్రమే రాసేటట్లు అమర్చుకునే వీలు వాట్సప్‌లో ఉంది. జి.ఓ.లు, గడువులు, సమావేశాలు, వైద్య శిబిరాలు తప్ప మరేవీ దానిలో రాకూడదు. రెండవది కబుర్ల కోసం. శుభోదయాలు, మనుమల పెళ్ళి ఫొటోలు అన్నీ దానిలో పెట్టుకోవచ్చు.

2. ఏ ఉత్తర్వు గురించి రాసినా జి.ఓ. నంబరు, తేదీ, ఏ శాఖ జారీ చేసింది, ఎవరికి వర్తిస్తుంది అన్న నాలుగూ ఉండాలి. చివర రాసినవారి పేరు ఉండాలి. నంబరు, తేదీ లేని ఉత్తర్వును నమ్మవద్దు, పంపవద్దు. ఉద్యోగంలో ఉన్నప్పుడు తేదీ లేని కాగితాన్ని మనం ఎవరమూ ఫైలులో పెట్టలేదు. ఇప్పుడెందుకు పెట్టాలి?

3. సభ్యుడు అడిగిన ప్రశ్నకు రెండు రోజులలో జవాబు ఇవ్వాలి. తెలియకపోతే "కనుక్కుంటున్నాం, ఫలానా రోజుకు చెబుతాం" అన్నదీ జవాబే. మౌనం మాత్రం జవాబు కాదు. ఇందుకు వంతులవారీగా ఇద్దరిని నియమించుకుందాం.

4. పొరపాటు వార్త వెళితే చప్పుడు చేయకుండా తీసివేస్తే చాలదు. దానిని చూసినవారి కోసం అదే గ్రూపులో సవరణ రాయాలి. ముఖ్యంగా ఎవరైనా కాలం చేశారన్న వార్తను వారి ఇంటివారితో మాట్లాడకుండా పెట్టవద్దు. నిక్షేపంగా ఉన్న మనిషి తన మీద వచ్చిన శ్రద్ధాంజలి తానే చదువుకోవలసిన పరిస్థితి రాకూడదు.

5. ఫోను లేనివారి జాబితా ఊరివారీగా రాద్దాం. గరిడేపల్లి, గడ్డిపల్లి, పొనుగోడు, కీతవారిగూడెం, కల్మలచెరువు, ఇట్లా ప్రతి ఊరికి. స్మార్టుఫోను ఉన్న ఒక్కో సభ్యుడు ఐదుగురు లేనివారి బాధ్యత తీసుకోవాలి. ముఖ్యమైన సంగతి రాగానే ఫోను చేసి గాని, ఇంటికి పోయి గాని చెప్పి, "చెప్పాను" అని కార్యదర్శికి తెలపాలి. గద్వాలలో పోలీసులు చేసిన పని ఇదే. నోటీసు బోర్డును, ఈ సంచికను కూడా మానవద్దు.

6. కార్యాలయాలకు ఫిర్యాదు చేసేటప్పుడు ముందు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకుందాం. తగిన గడువు ఇద్దాం. అప్పటికీ కదలిక లేకపోతే ఆ అర్జీ తేదీ, రసీదు సంఖ్య పేర్కొంటూ ఆ శాఖ అధికారిక ఖాతాకు మర్యాదగా రాద్దాం. సభ్యుని ఆధార్, పెన్షను పుస్తకం నంబరు, బ్యాంకు ఖాతా బహిరంగంగా పెట్టకూడదు. వ్యక్తులను తిట్టకూడదు. కులం, మతం, పార్టీ మాట ఎత్తకూడదు. పని అయినప్పుడు ధన్యవాదాలు కూడా అక్కడే రాయాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. అధికారులతో సత్సంబంధాలు కూడా పౌరసంబంధాలలో భాగమే.

చివరగా మోసాల విషయం. రిటైరైన వారి వద్ద గ్రాట్యుటీ సొమ్ము ఉంటుందని దొంగలకు తెలుసు. లైఫ్ సర్టిఫికెట్ నవీకరించాలి, లేకపోతే పెన్షను ఆగుతుందని ఫోను చేసి ఓ.టి.పి. అడుగుతారు. బ్యాంకు పేరుతో ఏదో ఫైలు పంపి నొక్కమంటారు. పోలీసు వేషంలో వీడియోలో కనిపించి "డిజిటల్ అరెస్టు" చేశామంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి స్వయంగా రేడియో ప్రసంగంలో ఈ సంగతి చెప్పారు. సొమ్ము పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును మధ్యలో ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. సంఘం పేరుతో డబ్బు అడిగే సందేశం వస్తే కార్యదర్శికి ఫోను చేసి ఆయన గొంతు విని మరీ నిర్ధారించుకోండి. సంఘం మాటను సభ్యుడు నమ్మాలంటే సంఘం ఎల్లప్పుడూ నిజమే చెప్పి ఉండాలి. ఆ నమ్మకమే అసలైన పెట్టుబడి.

ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఒక విన్నపం. నాన్నగారికి, అమ్మగారికి కొత్త ఫోను కొనిస్తున్నారు, సంతోషం. దానితో పాటు ఒక గంట సమయం కూడా ఇవ్వండి. అక్షరాలు పెద్దవి చేసి పెట్టండి. ఏది నొక్కాలో, ఏది నొక్కకూడదో చూపించండి. అదే ప్రశ్న నాలుగవసారి అడిగితే విసుక్కోకండి. ఇంట్లో జవాబు దొరకని పెద్దవారే బయట నుండి తీయగా మాట్లాడేవాడిని త్వరగా నమ్ముతారు.

పెద్దలారా, మనం సర్వీసులో ఉండగా మన బల్ల ముందు నిలబడి "నా కాగితం ఏమయింది సారూ" అని అడిగినవారు ఎందరో. ఈరోజు అడిగే వైపు మనమున్నాం. జవాబు విలువ ఎంతటిదో మనకన్నా బాగా తెలిసినవారు లేరు. కనుక మన గ్రూపులో ఒక్క సభ్యుని ప్రశ్న కూడా జవాబు లేకుండా మిగలకూడదని, ఫోను లేని ఒక్క ఇంటికి కూడా కబురు చేరకుండా ఉండకూడదని ఈ పెన్షనర్ల దినోత్సవం నాడు నిర్ణయించుకుందాం. ఊరివారీ జాబితా పని ఈ సభ ముగిసేలోగానే మొదలుపెట్టాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.